ఇల్లూ వాకిలీ: కారు షెడ్డు నేలకు ఏ పూత మంచిది?

ఇల్లు కట్టుకునేటప్పుడు హాలుకు ఏ రాయి, వంటింటికి ఏ టైలు, పూజగదికి ఏ రంగు అని నెలల తరబడి చర్చిస్తాం. కారు షెడ్డు మాట వచ్చేసరికి, "దానికేముంది, గచ్చు చేసి వదిలెయ్యండి" అని మేస్త్రీతో ఒక్క ముక్కలో తేల్చేస్తాం. తీరా గృహప్రవేశం అయ్యాక ఇంట్లో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసేది ఆ షెడ్డే. పగలు కారు బయటికి వెళితే పిల్లలు అక్కడే బంతాట ఆడతారు. ఎండాకాలం వడియాలు అక్కడే పెడతాం. శుభకార్యం వస్తే గాడిపొయ్యి అక్కడ, బంతిభోజనాలు అక్కడ. ఇంతకీ, ముసలివాళ్ళు వీధిలోకి వెళ్ళిరావాలన్నా చాలా ఇళ్ళల్లో దారి ఆ షెడ్డులోనుంచే. అందుకే కాకినాడనుంచి ఒక సోదరి రాసిన ఈ ఉత్తరం ఒక్క ఇంటికి సంబంధించినదిగా నాకు తోచలేదు.

"అక్కయ్యగారూ! కిందటేడు మా కారు షెడ్డు గచ్చుకు ఎపాక్సీ పెయింటు వేయించాం. బూడిదరంగులో అద్దంలా మెరుస్తుంటే వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే చక్రాలు నిలిచే నాలుగు చోట్లా పెచ్చులు లేచిపోయాయి. వెనక గోడవారన పొక్కులు వచ్చాయి. మొన్న వానలో మా మామగారు కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆయనకు డెబ్భైనాలుగేళ్ళు. పెయింటు వేసినతను పైన ఇంకో కోటింగు వేస్తే సరిపోతుందంటాడు. మావారు మొత్తం పగలగొట్టించి రాళ్ళు పరిపిద్దామంటారు. మామగారేమో, 'నా మూలాన ఇంత ఖర్చెందుకమ్మా, నేను పెరటి గుమ్మంలోంచి తిరుగుతాలే' అంటున్నారు. ఆ మాట వింటే మనసు చివుక్కుమంటోంది. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు చెయ్యకూడనిది చెబుతాను. ఊడిపోతున్న పూతమీద మరో పూత వేయించకండి. పాచి పట్టిన గోడకు సున్నం కొట్టినట్టే అవుతుంది. కొత్తపూత పాతదాన్ని అంటిపెట్టుకుంటుంది, పాతది గచ్చును వదిలేస్తుంది. రెండూ కలిసి అట్టు లేచినట్టు లేస్తాయి.

ఇక మీ నేలకు వచ్చింది ఒక జబ్బు కాదు, మూడు. చక్రాల దగ్గర పెచ్చులు ఒకటి, గోడవార పొక్కులు రెండు, వానలో జారడం మూడు. మూడింటికీ కారణాలు వేరు కాబట్టి మందులూ వేరే.

చక్రాల దగ్గర ఎందుకు లేచింది?

ఎండలో రోడ్డుమీద తిరిగివచ్చిన కారు చక్రాలు బాగా వేడెక్కి వుంటాయి. ఆ వేడికి కిందవున్న పలుచని పూత మెత్తబడుతుంది. రబ్బరు మెత్తగా వుండడంకోసం టైర్లలో కలిపే నూనెలవంటి పదార్థాలు కూడా పూతలోకి దిగుతాయి. తెల్లవారేసరికి టైరు చల్లారి ముడుచుకుంటూ పూతను పట్టి లాగుతుంది. పొద్దున్న కారు కదలగానే పెచ్చు టైరుతోబాటే లేచివస్తుంది. పూత గచ్చును గట్టిగా కరుచుకుని వుంటే ఇలా జరగదు. కనుక తప్పు టైరుది కాదు, కారుదీ కాదు. పూత పలుచనైనా అయివుండాలి, కింద నేలనైనా సరిగా సిద్ధం చేసివుండకూడదు. చాలాచోట్ల ఈ రెండూ కలిసే వుంటాయి.

గోడవార పొక్కులెందుకు?

అది చెమ్మ. సిమెంటు గచ్చు చూడడానికి రాయిలా వున్నా దాని నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. నేలలోని తడి ఆ దారిన పైకి ఎక్కుతుంది. ఉత్త గచ్చయితే ఆ తడి గాలిలో కలిసిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. పైన ఎపాక్సీవంటి బిగుతైన పూత వుంటే వెళ్ళే దారిలేక కిందనుంచి పొడుస్తుంది. తడితోబాటు వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని పూతను ఇంకా ఎత్తుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలోనూ, కాలవలకింద డెల్టా ఊళ్ళలోనూ నీరు పైపైనే వుంటుంది గనుక ఈ బాధ ఎక్కువ.

కానీ ఖర్చులేని మూడు పరీక్షలు

పెయింటు కొనేముందు ఎవరైనా ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలివి.

మొదటిది నీటిచుక్కల పరీక్ష. ఉత్త గచ్చుమీద నాలుగైదు చోట్ల నీళ్ళు చిలకరించండి. కాసేపట్లో నీళ్ళు ఇంకి గచ్చు నల్లబడితే మంచిదే. తామరాకుమీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచిందంటే అక్కడ నూనో, పాత పాలిషో వున్నట్టు. దానిమీద ఏ పూతా నిలవదు.

రెండవది గీకుడు పరీక్ష. తాళంచెవితోగాని పాత చాకుతోగాని గచ్చును గట్టిగా గీకండి. తెల్లటి పొడి రాలితే అది గచ్చు చేసేటప్పుడు పైకి తేలిన సిమెంటు పాలు గడ్డకట్టిన పొర. అది కిందివాటిని సరిగా పట్టుకుని వుండదు. దానిమీద ఎంత ఖరీదైన పూత వేసినా ఆ పొరతోబాటే ఊడుతుంది.

మూడవది ప్లాస్టిక్ కాగితం పరీక్ష. పద్ధెనిమిది అంగుళాల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చుమీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు కదపకుండా వుంచండి. తీసిచూస్తే కాగితం అడుగున నీటి తుంపర పట్టినా, గచ్చు రంగు ముదిరినా చెమ్మ వున్నట్టే. రెండుమూడు చోట్ల చెయ్యాలి, ముఖ్యంగా గోడవారన. ఇంకో జాగ్రత్త. మే నెలలో పొడిగా తేలిన నేల ఆగస్టులో చెమ్మగిల్లవచ్చు. కాబట్టి అనుమానం వున్నచోట వానాకాలంలో మళ్ళీ ఒకసారి చేసిచూడడం మంచిది.

చెమ్మ వుందని తేలితే

పొర కట్టే పూతల జోలికి పోకండి. అప్పుడు మంచి మార్గాలు రెండు.

ఒకటి, సిలికేటు ద్రావకం. ఇది గచ్చులోకి ఇంకి, అందులో మిగిలివున్న సున్నంతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. పైన పొరంటూ వుండదు కనుక ఊడడానికేమీ వుండదు, లోపలి తడికి దారీ మూసుకుపోదు. దుమ్ము రేగడం తగ్గుతుంది. అయితే రంగు రాదు, ఇంజను ఆయిలు మరక పడకుండా పూర్తిగా కాపాడలేదు.

రెండు, రాళ్ళుగాని గళ్ళ సిమెంటు టైల్సుగాని. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు మనవాళ్ళకు తరతరాలుగా అలవాటే. పాలిషు పట్టని గరుకురాయి అడగండి. నునుపురాయి వానలో జారుతుంది. పార్కింగ్ టైల్సని అమ్మే గళ్ళ పలకలు కాలికి పట్టునిస్తాయి. కాని వీటివల్ల నేల రెండంగుళాలదాకా ఎత్తు పెరుగుతుంది. గేటు తెరుచుకుంటుందా, వాననీరు ఇంట్లోకి మళ్ళకుండా వుంటుందా అన్నవి ముందే చూసుకోవాలి. పది అడుగులకు అంగుళంబావైనా వాలు వీధివైపుకు వుండాలి. దీనికోసం ఉన్న గచ్చునంతా పెకలించనక్కరలేదు. గట్టిగా వుంటే చాలు. మిగిలిన పెయింటంతా గీకించి, ఉలితో దగ్గరదగ్గరగా గాట్లు పెట్టిస్తే మాలు పట్టుకుంటుంది. పెయింటుమీద మాలు వేస్తే మాత్రం పట్టదు.

నేల పొడిగా వుంటే

అప్పుడు పూతలు నిశ్చింతగా వేసుకోవచ్చు. బజారులో దొరికేవాటిని నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మామూలు నేల పెయింటు: ఒకే డబ్బాలో వస్తుంది, చౌక. నడిచే వరండాలకు ఫరవాలేదు. కారు చక్రాలకింద ఎక్కువకాలం నిలవదు. కొన్ని ఒక్కడబ్బా పెయింట్లమీద కూడా ఎపాక్సీ అని రాసివుంటుంది. ఆ పేరు చూసి మోసపోకండి.

అసలైన ఎపాక్సీ: రెండు డబ్బాలుగా వస్తుంది. ఒకదానిలో జిగురు, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే పదార్థం. కలిపిన తరువాత రెండూ రసాయనికంగా ఏకమై గట్టిపడతాయి. 1930ల చివర, 1940లలో స్విట్జర్లాండులో పియరె కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ వేరువేరుగా చేసిన కృషి ఫలితమిది. నూనెలకు, రాపిడికి బాగా ఆగుతుంది. దీని లోపం ఎండ. నేరుగా ఎండపడితే పసుపెక్కుతుంది, పైన సుద్దలా పొడి లేస్తుంది.

పాలీయురిథేన్: 1937లో జర్మనీలో ఆటో బేయరు బృందం మొదలుపెట్టిన రసాయనశాఖ ఇది. ఇందులో ఎండకు ఆగే రకాన్ని ఎపాక్సీమీద ఆఖరిపూతగా వేస్తారు. గీతలు తక్కువ పడతాయి, రంగు నిలుస్తుంది.

పాలీఆస్పార్టిక్: ఈ కుటుంబంలో చిన్నది. గంటల్లో ఆరిపోతుంది, ఎండకు ఆగుతుంది. ఖరీదు ఎక్కువ. అంత త్వరగా బిగుసుకుంటుంది గనుక చెయ్యితిరిగిన పనివాళ్ళయితేనే సమంగా వెయ్యగలరు.

నన్నడిగితే, నీడపట్టున వుండే షెడ్డుకు రెండుసార్లు ఎపాక్సీ, ఎండపడే పోర్టికోకు కింద ఎపాక్సీ, పైన పాలీయురిథేన్ సరైన జత అంటాను.

లెక్క చూసి బేరం చెయ్యండి

ఈ లెక్క గుర్తుంచుకుంటే ఎవరూ మిమ్మల్ని మభ్యపెట్టలేరు. ఒక లీటరు పూతను ఒక చదరపు మీటరులో పోస్తే ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. అదే లీటరును ఐదు చదరపు మీటర్లకు సాగదీస్తే అయిదోవంతు, అంటే 0.2 మిల్లీమీటరు. అందులో సగం నీళ్ళో థిన్నరో అయితే అవి ఆవిరైపోగా మిగిలేది 0.1 మాత్రమే.

పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు షెడ్డంటే 200 చదరపుటడుగులు, సుమారు 18.5 చదరపు మీటర్లు. ఆరి ఎగిరిపోయేది ఏమీలేని ఎపాక్సీ 0.2 మిల్లీమీటరు మందాన ఒక పూత వెయ్యాలంటే దాదాపు 3.7 లీటర్లు పడుతుంది. రెండు పూతలకు ఏడున్నర. పనివాడు మూడు లీటర్ల డబ్బాతో వచ్చి రెండుపూతలూ ఇందులోనే అన్నాడంటే ఎంత పలుచగా లాగుతాడో మీరే లెక్కకట్టండి. డబ్బామీద ఆరినతరువాత మిగిలే పదార్థం నూటికెంతో రాసివుంటుంది. చదరపుటడుగు ధర అడిగేముందు అది అడగండి.

పూతకన్నా ముందుపని ముఖ్యం

పెళ్ళికి పందిరెంతో పూతకు నేల తయారీ అంత. నూనెమరకలను సబ్బుపొడి వేడినీళ్ళతో బ్రష్షు పెట్టి తోమాలి. ఆ పైన సిమెంటు పాలపొరను గ్రైండింగు మిషనుతో తీయించాలి. వజ్రపు పళ్ళున్న బిళ్ళలు నేలను గరుకు కాగితంలా చేస్తాయి. దుమ్ము రేగుతుంది కాబట్టి ముక్కుకు మాస్కు తప్పనిసరి. మిషను దొరకనిచోట ఆసిడుతో కడుగుతారు. అలా చెయ్యవలసివస్తే నీళ్ళలో ఆసిడు పొయ్యాలిగాని ఆసిడులో నీళ్ళు పొయ్యకూడదు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు వుండాలి. పిల్లలు దగ్గరలో వుండకూడదు. తరువాత వంటసోడా నీళ్ళతో విరుగుడు చేసి, బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పని ఎలా జరిగినా చివరికి నీటిచుక్కల పరీక్ష మళ్ళీ చెయ్యండి. నీరు చప్పున ఇంకితేనే పూత మొదలుపెట్టనివ్వండి.

వేళ కూడా చూడాలి. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా గచ్చు వేడెక్కుతూవుంటే రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. వేడి దిగుతూవున్నప్పుడు, అంటే సాయంత్రంపూట వేస్తే ఆ బెడద తగ్గుతుంది. ముసురు పట్టిన రోజుల్లో వేస్తే ఎపాక్సీమీద తెల్లటి జిడ్డుపొర తేలుతుంది. అందుచేత వానలు వెనకబట్టాక కార్తీకంనుంచి మాఘందాకా, పొడిగా వున్న రోజు చూసి పని పెట్టుకోవడం మేలు. కలిపిన ఎపాక్సీని బకెట్టులోనే ఎక్కువసేపు వుంచితే తనంతట తనే కాగి పొగలుగక్కుతుంది. కొంచెంకొంచెం కలిపి వెంటనే నేలమీద పొయ్యాలి. ఒకరోజు తరువాత మనుషులు నడవవచ్చుగాని కారును మాత్రం ఏడురోజులు బయటే వుంచండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఎపాక్సీ పచ్చిగా వున్నప్పుడు చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోవడమంటూ మొదలైతే అది జీవితాంతం వుండిపోవచ్చు. పనివాళ్ళు తొడుగుల్లేకుండా చేస్తామన్నా మీరు ఒప్పుకోవద్దు. తలుపులన్నీ తెరిచివుంచాలి. గర్భిణులు, చంటిపిల్లలు, ఉబ్బసమున్నవాళ్ళు ఆ రెండురోజులూ వేరేచోట వుండడం మంచిది.

ఇక మీ మామగారి సంగతి

కాకినాడ సోదరీ, మీ నేలమీద పొక్కులు గోడవారన వచ్చాయన్నారు కాబట్టి చెమ్మ వుందనే నా అనుమానం. పెచ్చు లేచినచోట ప్లాస్టిక్ కాగితం అంటించి చూడండి. తడి కనిపిస్తే మావారి మాటే నిజమైందని మీవారిని ఒకసారి సంతోషించనివ్వండి. గరుకు నాపరాళ్ళో, గళ్ళ టైల్సో వేయించండి. పొడిగా తేలితే పాత పూతనంతా గ్రైండింగు చేయించి, కొత్తగా రెండుపూతల ఎపాక్సీ వేయించి, ఆఖరిపూతలో సన్నని గాజురాతి ఇసుక చల్లించండి. అద్దంలాంటి మెరుపు పోతుంది. పోనివ్వండి. మెరిసే నేల చూసేవాళ్ళకు, గరుకునేల నడిచేవాళ్ళకు. వేయించేముందు చిన్నపలకమీద నమూనా చేయించి, నీళ్ళుపోసి, తడికాలు పెట్టి చూడండి.

నేల బాగయ్యేదాకా ఆగకుండా ఇవాళే చెయ్యవలసినది ఒకటుంది. వీధిగుమ్మంనుంచి గేటుదాకా గోడవెంట ఒక కడ్డీ బిగించి, నడిచే దారిలో అడుగున జారని రబ్బరు చాప వేయండి. అందుకు అయ్యే ఖర్చు కొంచెమే. పెరటి గుమ్మంలోంచి తిరుగుతానని పెద్దాయన అనడం మీమీద భారం పడకూడదని. ఆయన వీధిగుమ్మంలోంచి వెళ్ళివచ్చేటట్టు చెయ్యడం మీ ఇంటి మర్యాద. "మీకోసం కాదు మామయ్యగారూ, పిల్లలు పరుగెత్తే నేల" అని చెప్పండి. అది అబద్ధమూ కాదు, ఆయన మనసూ నొచ్చుకోదు.

మరికొన్ని ఉత్తరాలు

*కొత్తింటి షెడ్డుకు గచ్చు చేసి రెండు వారాలైంది. గృహప్రవేశం పదిరోజుల్లో వుంది. ఈలోగా ఎపాక్సీ వేయించవచ్చునా? (విజయవాడ)*

వద్దు. సిమెంటు గచ్చుకు కనీసం 28 రోజులు నిండాలి. ఆ తరువాత కూడా ఆరిందో లేదో పరీక్షచేసే వెయ్యాలి. గృహప్రవేశానికి గచ్చు శుభ్రంగా కడిగి పెద్దముగ్గు వేయండి. ఏ పూతా దానిముందు నిలవదు.

*మా షెడ్డులో తాండూరు రాళ్ళున్నాయి. మరకలు పోవడానికి ఆసిడుతో కడగమంటున్నారు. (వరంగల్లు)*

ఆ పని చెయ్యకండి. తాండూరు రాయి సున్నపురాయి జాతిది. ఆసిడు పడగానే బుసబుస పొంగి, పైభాగం తినేసి, మరకకన్నా పెద్ద మచ్చ చేస్తుంది. బ్యాటరీ ఆసిడు ఒలికినా అంతే. సబ్బునీళ్ళు, గట్టి బ్రష్షు చాలు. ఆయిలు కారగానే ఊకగాని రంపపుపొట్టుగాని చల్లి, పీల్చుకున్నాక ఊడ్చెయ్యండి.

*శుభకార్యాలప్పుడు షెడ్డులోనే వంటలు. ఎపాక్సీ నేల ఆగుతుందా? (తెనాలి)*

పొయ్యి వేడికి ఆగదు. కాగే గుండిగ నేరుగా దింపినా మచ్చపడి మెత్తబడుతుంది. వంటలు తప్పవనుకుంటే రాళ్ళే వేయించుకోండి. లేదా పొయ్యికింద ఇటుకలు పేర్చి, ఇసుక పోసి, గుండిగలు దింపడానికి చెక్కబల్లలు పెట్టించండి. వడియాలూ మిరపకాయలూ మాత్రం ఏ పూతమీదా నేరుగా ఎండబెట్టకండి, బట్ట పరిచి పొయ్యండి.

*అమ్మాయి డల్లాసులో ఇల్లు కొనుక్కుంది. రెండుకార్ల గ్యారేజీకి ఒక్కరోజులో పూర్తయ్యే పూత వేస్తామంటున్నారట. నమ్మవచ్చునా? (గుంటూరు)*

ఒక్కరోజులో పని అయ్యే పూతలు వున్నమాట నిజమే. పాలీఆస్పార్టిక్ అలాంటిదే. టెక్సాసు ఎండలు మన ఎండలకు తీసిపోవు కాబట్టి వేడిటైర్ల బాధ అక్కడా వుంటుంది. అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడగమనండి. గ్రైండింగు చేస్తారా, ఆసిడుతో సరిపెడతారా? చెమ్మ పరీక్ష చేస్తారా? మొత్తం మందమెంత? వేడిటైర్లకు లేస్తే ఎవరు బాధ్యులో కాగితంమీద రాసిస్తారా? నాలుగింటికీ తిన్నగా జవాబు చెప్పినవాళ్ళకే పని అప్పగించమనండి. ఒక్కరోజు పనికన్నా పదేళ్ళు నిలిచే పని ముఖ్యం.